పుడమి పొడుపు

పాఠ్యభాగ ఉద్దేశం

1968వ సంవత్సరంలో చంద్రుని చుట్టూ తిరుగుతున్న నౌక నుంచి ఒక రంగుల ఛాయాచిత్రం తీయబడింది. ఆ చిత్రం వెనుక ఉన్న కెమెరా విద్యను, అది దక్కిన కొద్ది క్షణాల కథను విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలన్నారు ఆలంకారికులు. నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, ఉద్యానవిహారం, జలక్రీడ మొదలైన వాటి సరసన చంద్రోదయ, సూర్యోదయాలకు ఆ పట్టికలో చోటు కల్పించారు. మన కవులలో చంద్రోదయాన్ని వర్ణించనివారు అరుదు. వెన్నెలను పాలకడలి అన్నవారున్నారు, కర్పూరపు పొడి అన్నవారున్నారు. చంద్రునిలోని మచ్చకు ఎన్నెన్ని కారణాలు ఊహించారో లెక్కలేదు. అయినా వారి ఊహకు అందని ఉదయం ఒకటి మిగిలిపోయింది. అది భూమి ఉదయించడం. కవి నిలిచినది భూమి మీదనే కదా! కాళ్ళ కింది నేల ఆకాశంలో పొడవడం అతనికి ఎలా తోస్తుంది? ఆ వర్ణన చేసే భాగ్యం ఘంటానికి దక్కలేదు. ఒక నల్లని పెట్టెకు, అందులోని జానెడు రంగుల ఫిల్ముకు దక్కింది.

1968 డిసెంబరు 24వ తేదీన అపోలో-8 వ్యోమనౌక నుంచి విలియం ఆండర్స్ తీసిన ఆ చిత్రాన్ని ఆంగ్లంలో ‘ఎర్త్‌రైజ్’ అంటారు. చంద్రోదయమనే మాటకు సాటిగా మనం భూమ్యుదయం అనుకోవచ్చు, యణాదేశ సంధి చక్కగా కుదురుతుంది. అయితే ప్రొద్దుపొడుపు అనే మాట ఉన్న భాషలో పుడమి పొడుపు అనడమే చెవికి ఇంపుగా ఉంటుంది.

చిత్రంలో దిగువభాగాన చంద్రుని నేల కనిపిస్తుంది. అది బూడిద రంగులో, కొంచెం గోధుమ ఛాయతో, గుంటలు గుంటలుగా ఉంటుంది. దానిపైన కాటుకవంటి ఆకాశం. ఒక్క నక్షత్రమైనా లేదు. ఆ నలుపులో, నేల అంచుకు కొంత ఎత్తున, భూగోళం వేలాడుతున్నట్లుంటుంది. దాని పైభాగం నీలంగా, ఆ నీలం మీద తెల్లని మేఘాలు సుడులు తిరిగి ఉంటాయి. కిందిభాగం చీకటిలో కలిసిపోతుంది. పగలూ రాత్రీ కలిసే ఆ సరిహద్దు ఆఫ్రికా ఖండం మీదుగా పోతున్నది. ఉభయ అమెరికాలు మేఘాల చాటున ఉన్నాయి. ఆ చిత్రంలో రంగు ఉన్నది ఒక్క భూమికే. తక్కినదంతా నలుపు, బూడిద.

ఇదే దృశ్యం అంతకు రెండేళ్ళ ముందే ఛాయాచిత్రంగా వచ్చిందంటే ఆశ్చర్యం కలుగుతుంది. 1966 ఆగస్టు 23న లూనార్ ఆర్బిటర్-1 అనే మానవరహిత నౌక చంద్రుని అంచు మీద భూమిని చిత్రించింది. ఆ యంత్రంలోనే ఫిల్ము కడగబడి, ఆ బొమ్మ సంకేతాలుగా మారి భూమిని చేరింది. శాస్త్రజ్ఞులు సంతోషించారు, పత్రికలు ప్రచురించాయి. కానీ లోకం దానిని గుండెలకు హత్తుకోలేదు. అది నలుపు తెలుపుల చిత్రం. అందులో చంద్రుడూ బూడిదే, భూమీ బూడిదే. రెండింటికీ గల భేదం కంటికి తగలలేదు. కాబట్టి అపోలో-8 చిత్రం మహత్తు అది చూపిన వస్తువులోకన్నా, ఆ వస్తువును చూపిన రంగులో ఉన్నదని చెప్పవచ్చు. ఆ రంగు దక్కకుండా పోవడానికి మాత్రం వెంట్రుకవాసి దూరమే మిగిలింది.

ఆ కథలోకి వెళ్ళేముందు కెమెరాను గూర్చి కొంత తెలుసుకోవాలి. ఒకప్పుడు ఇళ్ళలో వాడుకలో ఉన్న సాధారణ ఫిల్ము కెమెరాలలో 35 మిల్లీమీటర్ల వెడల్పుగల ఫిల్మును వాడేవారు. దాని మీద పడే బొమ్మ 36 మి.మీ. పొడవు, 24 మి.మీ. వెడల్పు ఉంటుంది. మీడియం ఫార్మాట్ అనే తరగతి కెమెరాలలో ఫిల్ము ఇంతకన్న వెడల్పు. 1901 నుంచి వాడుకలో ఉన్న 120 రకం ఫిల్ము చుట్టలో ఆరు సెంటీమీటర్ల చదరపు బొమ్మలు పన్నెండు వస్తాయి. బొమ్మ అసలు కొలత ఇరువైపులా దాదాపు 56 మి.మీ. వైశాల్యం లెక్కకడితే సాధారణ ఫిల్ము బొమ్మకు మూడున్నర రెట్లు మించుతుంది. అందుచేత దానిని ఎంత పెద్దదిగా అచ్చువేసినా గడ్డిపరక గడ్డిపరకగానే నిలుస్తుంది, దూరపు కొండమీది చెట్టు మసకబారదు. ప్రకృతి దృశ్యాలు తీసేవారికి ఈ కెమెరాలపై మక్కువ కలగడానికి కారణమిదే.

పన్నెండే బొమ్మలు కావడం లోపమనిపించవచ్చు. కానీ దానివల్ల ఒక క్రమశిక్షణ అలవడుతుంది. తెల్లవారుజామునే ముక్కాలిపీట మీద కెమెరాను నిలబెట్టి, వెలుతురు కొలిచి, మబ్బు జరిగేదాకా, గాలి తగ్గేదాకా వేచి ఉండి, అప్పుడు గాని మీట నొక్కరు. నొక్కిన తరువాత కూడా ఏం పడిందో తెలియదు. ఫిల్మును కడిగిన నాడే తెలుస్తుంది. నేటి చేతిఫోనుతో నిమిషానికి ముప్ఫై బొమ్మలు తీసి, వెంటనే చూసుకొని, నచ్చనివి చెరిపేసే వారికి ఈ నిరీక్షణ విడ్డూరంగా తోచవచ్చు.

రంగుల ఫిల్ములో మరొక చిక్కు ఉంది. దాని పూతలో ముఖ్యంగా మూడు పొరలుంటాయి. ఒకటి నీలికాంతిని, ఒకటి ఆకుపచ్చను, ఒకటి ఎరుపును గ్రహిస్తాయి. ఫిల్మును రసాయనాలలో కడిగినప్పుడు ఆ పొరలలో వరుసగా పసుపు, ముదురు గులాబి, లేతనీలి రంజకాలు ఏర్పడి, మూడూ కలిసి అసలు రంగులను కళ్ళకు కట్టిస్తాయి. కడగగానే సరాసరి రంగులబొమ్మగా తయారయ్యే స్లయిడ్ ఫిల్ము వెలుతురు విషయంలో మహా పట్టుదల గలది. నెగటివ్ ఫిల్ములో వెలుతురు కొంత ఎక్కువైనా అచ్చువేసేటప్పుడు సర్దుకోవచ్చు. స్లయిడ్‌లో ఆ వీలు లేదు. ఎక్కువైతే తెల్లని మేఘం ఉత్త గాజులా వెలవెలబోతుంది. తక్కువైతే కొండ నీడలు మసిగుడ్డలవుతాయి. కారునల్లని కొండ, దానిమీద తెల్లని మబ్బు ఒకే చట్రంలో ఉంటే రెండింటినీ మెప్పించే కొలత దొరకడం కష్టం. అపోలో-8లో ఉన్నది ఈ స్లయిడ్ జాతి ఫిల్మే. ఎక్టాక్రోమ్ అనే పేరుగల దానిని కొడాక్ సంస్థ వ్యోమయాత్ర కోసం 70 మి.మీ. వెడల్పుతో ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చింది.

కెమెరా హాసెల్‌బ్లాడ్. స్వీడన్ దేశంలోని గోథెన్‌బర్గ్ నగరానికి చెందిన విక్టర్ హాసెల్‌బ్లాడ్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తమ దేశ వైమానికదళానికి కెమెరాలు తయారుచేసి ఇచ్చాడు. ఆయన పక్షిప్రేమికుడు. పక్షులను, ప్రకృతిని తీయడానికి చేతిలో ఇమిడే మంచి కెమెరా కావాలన్న కోరిక చాలాకాలంగా ఉండేది. 1948లో ఆ కెమెరాను లోకానికి చూపించాడు. అందులోని విశేషం విడదీసే వీలు. కటకం వేరు, పెట్టె వేరు, వెనుక ఫిల్ము ఉండే భాగం వేరు. ఈ వెనుకభాగాన్ని మేగజైన్ అంటారు. మధ్యలో ఒక పలుచని రేకును దోపి, చుట్ట పూర్తికాకపోయినా ఒక మేగజైన్‌ను ఊడదీసి మరొకటి తగిలించవచ్చు. నలుపు తెలుపు ఫిల్ము ఒకదానిలో, రంగుల ఫిల్ము మరొకదానిలో సిద్ధంగా ఉంచుకోవచ్చు. ఈ చిన్న సౌకర్యం మీదనే మన కథ ఆధారపడి ఉందని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

ఈ కెమెరా అంతరిక్షానికి వెళ్ళడం వెనుక పెద్ద ప్రణాళిక ఏమీ లేదు. 1962లో వాల్టర్ షిరా అనే వ్యోమగామి హ్యూస్టన్ నగరంలోని ఒక దుకాణంలో దానిని కొనుక్కున్నాడు. మెరుపు కొట్టకుండా నల్లరంగు పూయించి, ఆ ఏటి అక్టోబరులో తనతోపాటు తీసుకొనిపోయాడు. దాని బొమ్మల నాణ్యతను చూసి నాసా సంస్థ తరువాతి యాత్రలకు కూడా ఆ కెమెరానే ఎంచుకున్నది. అపోలో-8కి వచ్చేసరికి ఫిల్మును తానే జరుపుకొనే విద్యుత్ మోటారు చేరింది. వ్యోమగాముల దుస్తులకు, ఇరుకు గదికి అనువుగా, లోపలికి తొంగిచూసే అద్దాన్ని తీసివేసి గురిచూసుకోవడానికి ఒక వలయాన్ని మాత్రం ఉంచారు. అంటే ఆండర్స్ తాను తీస్తున్న బొమ్మను కటకంలోంచి చూడనేలేదు, గురిపెట్టి తీశాడు.

అపోలో-8 నౌక 1968 డిసెంబరు 21న బయలుదేరింది. నాయకుడు ఫ్రాంక్ బోర్మన్, నావికుడు జేమ్స్ లవెల్, మూడవవాడు ఆండర్స్. భూకక్ష్యను విడిచి మరొక లోకం దాకా వెళ్ళిన మొదటి మానవులు వీరే. చంద్రునిపై దిగడం వారి పని కాదు. పదిసార్లు చుట్టివచ్చి, రాబోయే యాత్రలకు తగిన చోట్లను పరిశీలించి, నేలను చిత్రించుకొని రావాలి. ఏ గంటలో ఏ గుంటను ఏ ఫిల్ముతో తీయాలో ముందే రాసి ఉంది. భూమి బొమ్మ ఆ జాబితాలో ముఖ్యమైన అంశం కాదు. రంగులేని చంద్రుని నేలకు నలుపు తెలుపు ఫిల్ము చాలునని దానినే ఎక్కువగా వాడుతున్నారు. ఆ నేల సున్నపు ముద్దలాగా, మాసిన సముద్రతీరపు ఇసుకలాగా ఉన్నదని లవెల్ వర్ణించాడు.

మొదటి మూడు ప్రదక్షిణలలో వారెవరూ భూమి ఉదయించడం చూడలేదు. నౌక కిటికీలు నేలవైపు తిరిగి ఉండడమే కారణం. నాలుగవ ప్రదక్షిణంలో, చంద్రుని వెనుకవైపు నుంచి ఇవతలికి వస్తున్న సమయంలో, బోర్మన్ నౌకను మెల్లగా దొర్లిస్తున్నాడు. ఆండర్స్ పక్క కిటికీ దగ్గర 250 మి.మీ. దూరదర్శక కటకం తగిలించిన కెమెరాతో గుంటలను తీసుకుంటున్నాడు. ఉన్నట్టుండి కిటికీలోకి నీలంగా ఏదో వచ్చింది. భూమి పైకి వస్తున్నదని ఆయన ఆశ్చర్యంతో కేక వేశాడు. కెమెరాలో ఉన్నది నలుపు తెలుపు ఫిల్ము. దానితోనే ఒక బొమ్మ తీశాడు. అది కార్యక్రమంలో లేదు గదా, తీయవద్దని బోర్మన్ హాస్యమాడాడు.

ఆండర్స్ ఆ ఒక్క బొమ్మతో తృప్తిపడి ఉంటే ఈ పాఠం ఉండేది కాదు. నీలం కనిపించిన మరుక్షణం ఆయన మనసు రంగు ఫిల్ము మీదికి పోయింది. త్వరగా అందించమని లవెల్‌ను అడిగాడు. బరువులేని స్థితిలో, సామాను కిక్కిరిసిన ఆ గదిలో లవెల్ వెదకడం మొదలుపెట్టాడు. నౌక దొర్లుతూనే ఉంది. భూమి ఆ కిటికీని దాటిపోయింది. దృశ్యం చేజారిందని ఆండర్స్ నిరాశపడ్డాడు. అంతలో మరొక కిటికీలో అది కనిపిస్తున్నదని లవెల్ చెప్పాడు. రంగుల మేగజైన్ చేతికి వచ్చింది, తగిలింది. ఇక వెలుతురు కొలత. లవెల్ తొందరపెడుతున్నాడు, ఆండర్స్ నెమ్మదించమంటున్నాడు. సెకనులో 250వ వంతు కాలం, కటకరంధ్రం ఎఫ్-11 అని నిర్ణయించి మీట నొక్కాడు. కొలతను కొద్దిగా మార్చి మరొకటి కూడా తీశాడు. మొదటి బొమ్మకు, రంగుల బొమ్మకు నడుమ గడిచినది నిమిషం పైచిలుకు.

ఆ కొలతలో ఒక సూక్ష్మం ఉంది. చంద్రుడు మనకు వెండిపళ్ళెంలా కనిపిస్తాడు గాని, అతని నేల నిజానికి తారురోడ్డువలె నల్లనిది. తనమీద పడిన వెలుతురులో ఎనిమిదింట ఒక వంతును మాత్రమే తిరిగి పంపుతుంది. భూమి మేఘాల పుణ్యమా అని అంతకు రెట్టింపు కన్న ఎక్కువే పంపుతుంది. చంద్రుని నేలకే కొలిచి ఉంటే మేఘాలు వెలవెలబోయేవి. కొండ మీది మబ్బును తీసే ఛాయాగ్రాహకుని చిక్కే ఇది. ఆండర్స్ కొలత రెండింటినీ నిలబెట్టింది.

కటకం విషయంలో కూడా అదృష్టం కలిసివచ్చింది. చంద్రుని నుంచి చూస్తే భూమి వ్యాసం మనకు కనిపించే చంద్రునికన్న నాలుగింతలకు దగ్గరగా ఉంటుంది. అయినా ఆ కెమెరాకు మామూలుగా తగిలించే 80 మి.మీ. కటకంతో తీసి ఉంటే ఫిల్ము మీద భూమి ఆవగింజ కన్న కాస్త పెద్దదిగా పడేది. 250 మి.మీ. కటకం దానిని శనగగింజంత చేసింది. శనగగింజంతే! సముద్రాలు, ఖండాలు, రాజ్యాలు, యుద్ధాలు, మూడువందల యాభై కోట్ల జనం, సమస్తం అందులోనే. ఆ క్షణాన అందులో లేనివారు ముగ్గురే, ఆ నౌకలోని వారు.

బొమ్మ పడిందో లేదో వారికి తెలియదు. లూనార్ ఆర్బిటర్ లాగా దానిని సంకేతాలుగా పంపే వీలు లేదు. 2008లో శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన చంద్రయాన్-1 తీసిన చిత్రాలు కూడా అంకెలుగా మారి వచ్చినవే. ఫిల్ము అలా కాదు, మనిషితోపాటు ఇల్లు చేరాలి. డిసెంబరు 25న చంద్రుని వెనుక ఇంజను మండి వారిని ఇంటిదారి పట్టించవలసి ఉంది. తరువాత సెకనుకు పదకొండు కిలోమీటర్ల వేగంతో వాతావరణంలోకి దూసుకువచ్చే నౌకను రక్షాకవచం కాపాడవలసి ఉంది. ఇందులో ఏది తప్పినా ముగ్గురు మనుషులతోపాటు ఆ నీలమూ బూడిదైపోయేది. డిసెంబరు 27న నౌక పసిఫిక్ మహాసముద్రంలో క్షేమంగా దిగింది. హ్యూస్టన్‌లోని ప్రయోగశాలలో ఫిల్మును కడిగారు. ఎనిమిది వందలకు పైగా ఉన్న బొమ్మలలో ఆ ఒక్కటి బయటికి వచ్చి, కొద్దిరోజులలోనే లోకమంతా పాకింది. 1969లో అమెరికా తపాలా బిళ్ళ మీదికి ఎక్కింది. 1970 ఏప్రిల్ 22న మొదటి ధరిత్రీ దినోత్సవం జరిగింది. ఆ కాలపు పర్యావరణ ఉద్యమానికి ఈ చిత్రం పతాకమయింది. పర్యావరణం విషయంలో ఇంతగా ప్రభావం చూపిన ఛాయాచిత్రం మరొకటి లేదని ప్రకృతి ఛాయాగ్రాహకుడు గేలెన్ రోవెల్ అభిప్రాయపడ్డాడు. చంద్రుని శోధించడానికి పోయి భూమిని కనుగొన్నామన్న అర్థంలో ఆండర్స్ అన్న మాట సుప్రసిద్ధం.

మనం చూసే చిత్రం ఆయన చూసిన తీరులో లేదు. భూమి ఉత్తర దిక్కును పైన ఉంచి చూస్తే చంద్రుని నేల కుడివైపున నిలువుగోడలా ఉంటుంది. నేల కింద ఉండాలన్న మన అలవాటుకోసం పత్రికలవారు బొమ్మను పక్కకు తిప్పి ‘ఉదయం’ చేశారు. మరొక చమత్కారం కూడా ఉంది. చంద్రుడు ఎప్పుడూ ఒకే ముఖాన్ని మనవైపు తిప్పి ఉంచుతాడు. అందుచేత అతని నేలమీద నిలబడినవానికి భూమి ఉదయించదు, అస్తమించదు, ఆకాశంలో దాదాపు ఒకేచోట ఉంటుంది. పుడమి పొడుపు చంద్రుని చుట్టూ తిరిగేవారికి మాత్రమే కనిపించే దృశ్యం.

ఈ చిత్రాన్ని ఎవరు తీశారన్న విషయంలో చాలాకాలం వాదం నడిచింది. తానే తీశానని బోర్మన్ చెప్పేవాడు, ఆయన ఆత్మకథలో కూడా అలాగే ఉంది. మహానుభవాలలో జ్ఞాపకం తడబడడం సహజం, దానిని తప్పుగా ఎంచరాదు. నౌకలోని ధ్వనిముద్రికలో మాటలన్నీ భద్రంగా ఉన్నాయి. 2013లో నాసా శాస్త్రజ్ఞులు, 2009లో ప్రయోగించిన లూనార్ రికనైసెన్స్ ఆర్బిటర్ కొలిచిన చంద్రుని ఎత్తుపల్లాలతో ఆ బొమ్మలను సరిపోల్చి, నౌక ఏ క్షణాన ఎటు తిరిగి ఉన్నదో, ఏ కిటికీలో ఏమి కనిపించిందో పునఃసృష్టి చేశారు. దానికి ధ్వనిముద్రికను జతచేయగానే సందేహం తీరింది. నలుపు తెలుపు బొమ్మనూ, రంగు బొమ్మలనూ తీసినది ఆండర్సే.

తరువాతి యాత్రలలో చంద్రునిపై దిగినవారు రాళ్ళ బరువుకు చోటు చేయడానికి కెమెరాలను అక్కడే వదిలి, మేగజైన్లను మాత్రం తెచ్చుకున్నారు. పన్నెండు హాసెల్‌బ్లాడ్ కెమెరాలు నేటికీ ఆ దుమ్ములో పడి ఉన్నాయి. ఎక్టాక్రోమ్ తయారీ 2013 నాటికి ఆగిపోయి, ఫిల్ముపై అభిమానం చావనివారి కోసం 2018లో మళ్ళీ మొదలయింది. అదే 2018లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ చిత్రంలో కనిపించే ఒక చంద్రగర్తానికి ‘ఆండర్స్ ఎర్త్‌రైజ్’ అని పేరుపెట్టింది. అప్పటికి ముగ్గురు వ్యోమగాములూ జీవించే ఉన్నారు. బోర్మన్ 2023లో, ఆండర్స్ తొంభై ఏళ్ళ వయసులో 2024 జూన్ 7న తాను నడుపుతున్న చిన్న విమానం కూలి, లవెల్ 2025లో కన్నుమూశారు. ఆ నిమిషంలో ఫిల్ము కోసం వెదికిన చేతులు, అందుకొన్న చేతులు ఇప్పుడు లేవు.

ప్రశ్నలు

1. లూనార్ ఆర్బిటర్-1 తీసిన చిత్రానికి రాని ప్రసిద్ధి అపోలో-8 చిత్రానికి ఎందుకు వచ్చింది? చర్చించండి.
2. స్లయిడ్ ఫిల్ముతో ప్రకృతి దృశ్యాలు తీయడంలో గల కష్టాలను వివరించండి.
3. చంద్రుని నేలపై నిలబడినవానికి భూమ్యుదయం ఎందుకు కనిపించదు?
4. ‘భూమ్యుదయం’, ‘చంద్రోదయం’ పదాలను విడదీసి సంధుల పేర్లు రాయండి.